అన్ని పనులూ ఒక్క కుక్కే ఎందుకు చేయాలి?

జర్మనీలో వేటగాళ్ల వెంట తరచుగా కనిపించే కుక్కల్లో ఒకటి డాయిచ్ డ్రాట్‌హార్. ఇంగ్లిషువాళ్లు దీన్ని జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్ అంటారు. ఒళ్లంతా బిరుసు వెంట్రుకలు, గుబురు కనుబొమలు, గడ్డం. మగది భుజం దగ్గర 61 నుంచి 68 సెంటీమీటర్లు, ఆడది 57 నుంచి 64 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. రంగు ముదురు గోధుమ కావచ్చు, లేదా గోధుమ వెంట్రుకల్లో, నల్ల వెంట్రుకల్లో తెల్లవి కలిసిపోయి మసక మసకగా కనిపించవచ్చు.

ఈ జాతిని తయారు చేసినవాళ్లు దాని రూపం గురించి మొదట ఆలోచించలేదు. ఏం పని చేయాలో ముందు తేల్చుకున్నారు. ఆ పనికి తగిన ఒళ్లు, ఆ పనికి తగిన బుద్ధి తర్వాత వచ్చాయి. ఒక కుక్క జాతి ఎలా రూపు దిద్దుకుంటుందో, దాన్ని చెడిపోకుండా ఎలా కాపాడుకోవాలో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అందుకే ఒక్కో ప్రశ్నా తీసుకుని నిదానంగా చూద్దాం.

ఇలాంటి కుక్క అవసరం ఎందుకు వచ్చింది?

1848కి ముందు జర్మన్ రాజ్యాల్లో పెద్ద వేట ప్రభువుల హక్కు. జింక వచ్చి పైరు మేసిపోయినా దాన్ని కొట్టే అధికారం రైతుకు ఉండేది కాదు. ప్రభువుల దగ్గర పనికో రకం కుక్క ఉండేది. తాడు చివర నడుస్తూ జింక జాడ తీసేది ఒకటి. గుంపుగా తరిమేవి కొన్ని. అడవి పందిని కదలకుండా నిలబెట్టేవి కొన్ని. పొలాల్లో పిట్ట ఎక్కడ నక్కిందో చూపించేది మరొకటి. నీళ్లలో పడ్డ బాతును తెచ్చేది ఇంకొకటి. వీటన్నిటికీ కుక్కల శాలలు, వాటిని సాకడానికి జీతగాళ్లు.

1848 విప్లవంతో ఆ ప్రత్యేక హక్కు పోయింది. వేట హక్కు భూమితో ముడిపడింది. చిన్న కమతాలవాళ్లు తమ భూములన్నీ కలిపి ఒక వేట ప్రాంతంగా చేసి కౌలుకు ఇవ్వడం మొదలైంది. జర్మనీలో ఇప్పటికీ నడుస్తున్నది ఈ పద్ధతే. ఒక్కరి చేతిలో ఒకే చెక్కగా 75 హెక్టార్లు, అంటే మన లెక్కలో సుమారు 185 ఎకరాలు ఉంటే అది సొంత వేట ప్రాంతం. అంతకంటే తక్కువ ఉన్నవాళ్ల భూమి ఉమ్మడిలో కలుస్తుంది.

దీంతో కొత్తవాళ్ల చేతికి తుపాకి వచ్చింది. అటవీ ఉద్యోగులు, ఓ మోస్తరు రైతులు, పట్నాల్లో వైద్యులు, వ్యాపారులు. వీళ్లలో ఎక్కువమందికి ఇరవై కుక్కల్ని సాకే స్తోమత లేదు. కానీ వీళ్లు కౌలుకు తీసుకున్న నేలలో అన్నీ ఉన్నాయి. పొద్దున కోసేసిన గోధుమ చేలో కౌజులు, చేను దాటితే రెల్లు పెరిగిన చెరువులో బాతులు, సాయంత్రానికి అడవి అంచున దుప్పో పందో. ఈ మూడు చోట్లకూ ఒకే మనిషి వెళ్తాడు. అతని వెంట వచ్చేది ఒకే కుక్క. రాత్రికి అది అతని ఇంట్లోనే పిల్లల పక్కన పడుకోవాలి.

అదే కాలంలో ఇంగ్లండ్ మరో దారి పట్టింది. పాయింటర్లు, సెట్టర్లు పిట్టను వెతికి చూపిస్తాయి, కొట్టాక రిట్రీవర్లు వెళ్లి తెస్తాయి. పెద్ద ఎస్టేట్లు, వేటకాపరులు ఉన్నచోట ఆ విభజన చక్కగా సాగింది. జర్మనీలో మధ్యతరగతి వేటగాడికి అది సాగదు. అతనికి కావలసింది కాల్పుకు ముందు, కాల్పు తర్వాత, మెట్టలో, నీళ్లలో, అడవిలో పనిచేసే కుక్క. జర్మన్ వేటగాళ్లు దాన్ని పూర్తి పనిమంతమైన కుక్క అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు.

అన్నీ చేసే కుక్కను తయారు చేయడం ఎందుకు కష్టం?

ఎందుకంటే ఈ పనులు ఒకదానితో ఒకటి పొసగవు. పొలంలో పిట్టను వెతికే కుక్క తల ఎత్తి, గాలిలో తేలివచ్చే వాసన పట్టుకుంటూ దూరదూరంగా పరుగెత్తాలి. గాయపడ్డ జింక జాడ తీసేటప్పుడు అదే కుక్క ముక్కు నేలకు ఆనించి, తొందరపడకుండా అడుగు అడుగు వేయాలి. రెల్లులో బాతును వెతికేటప్పుడు యజమాని కనిపించకపోయినా తన బుద్ధితో పనిచేసుకుపోవాలి. అడవిలో అతని మడమ పక్కన చప్పుడు లేకుండా నడవాలి. నక్కకు ఎదురు నిలిచేంత గుండె ఉండాలి. కొట్టిన బాతును ఈక చెదరకుండా తెచ్చేంత మెత్తని నోరూ ఉండాలి.

పరుగు కోసం ఎంపిక చేస్తూ పోతే ఓపిక తగ్గుతుంది. తెగువ కోసం ఎంపిక చేస్తూ పోతే మాట వినడం తగ్గుతుంది. కాబట్టి ఈ కుక్కను తీర్చిదిద్దడమంటే ఒక గుణాన్ని పెంచుకుంటూ పోవడం కుదరదు, పరస్పరం లాగే గుణాల్ని తూకం తప్పకుండా నిలపాలి. ఒక తరంలో తూకం కుదిరినా తర్వాతి తరంలో చెడిపోవచ్చు. అందుకే ప్రతి తరాన్నీ పరీక్షించే ఏర్పాటు కావలసి వచ్చింది. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

బిరుసు జుట్టే ఎందుకు కావాలనుకున్నారు?

డ్రాట్‌హార్ వీపు మీద వెంట్రుకల్ని వేళ్లతో విడదీస్తే రెండు పొరలు కనిపిస్తాయి. పైన 2 నుంచి 4 సెంటీమీటర్ల పొడవున్న బిరుసు వెంట్రుకలు, ఒంటికి అంటుకుని ఒకే వాలులో పడుకుని ఉంటాయి. వాటి కింద సన్నని నూగు ఒత్తుగా ఉంటుంది. చలికాలంలో ఆ నూగు బాగా దట్టమవుతుంది, ఎండాకాలానికి చాలా మటుకు రాలిపోతుంది. మన పల్లెల్లో రెల్లుగడ్డి కప్పిన ఇల్లు వానను ఎలా జార్చేస్తుందో పై పొర నీటిని అలా జారుస్తుంది. లోపలి నూగు దాకా తడి చేరడం ఆలస్యమవుతుంది. అందుకే నవంబరు నెల చెరువులోంచి బయటికి వచ్చిన కుక్క గట్టిగా రెండుసార్లు ఒళ్లు విదిలించుకుంటే చాలా నీళ్లు పోతాయి, ఒంటి వేడి నిలుస్తుంది.

నీళ్ల కంటే పెద్ద శత్రువు ముళ్లు. జర్మనీ అడవి అంచుల్లో బ్లాక్‌బెర్రీ, బ్లాక్‌థార్న్ పొదలు అల్లుకుని ఉంటాయి. నున్నని పొట్టి జుట్టు కుక్క అందులో దూరితే చర్మం చీరుకుపోతుంది. పొడవాటి మెత్తని జుట్టు కుక్క దూరితే ముళ్లు, పల్లేరుల్లాంటి గింజలు జుట్టులో చిక్కుకుని ఉండలు కడతాయి, మంచులో అవే గడ్డలవుతాయి. ఈ రెంటికీ మధ్య ఒక కొలత ఉంది. ముల్లు చర్మం దాకా పోకుండా ఆపేంత పొడవు, చిక్కు పడనంత పొట్టి, జారిపోయేంత బిరుసు. గుబురు కనుబొమలు కళ్లకు, గడ్డం మూతికి ముళ్ల నుంచి కాపు. కాళ్ల మీద జుట్టు కాస్త పొట్టిగానే అయినా ఒత్తుగా ఉండాలి. జాతి ప్రమాణాల్లో జుట్టుకు ఇంత చోటు ఇవ్వడానికి కారణం అందం కాదు, తోలుకు రక్షణ.

ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు జుట్టు వేర్వేరుగా ఎందుకు వస్తుంది?

దీనికి జవాబు 2009లో స్పష్టంగా దొరికింది. అమెరికా జాతీయ మానవ జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 80 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కల్ని పరిశీలించి సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. కుక్కల జుట్టులో మనకు కనిపించే వైవిధ్యంలో ఎక్కువ భాగానికి మూడు జన్యువులు చాలని తేలింది. ఎఫ్‌జీఎఫ్5 పొడవును, కేఆర్‌టీ71 ఉంగరాల తీరును, ఆర్‌ఎస్‌పీవో2 గడ్డం, కనుబొమలు, బిరుసుతనాన్ని నిర్ణయిస్తాయి.

ఆర్‌ఎస్‌పీవో2లో గడ్డం తెచ్చే మార్పు బహిర్గతమయ్యే లక్షణం. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి అందినా పిల్లకు గడ్డం వస్తుంది. కాబట్టి చూడ్డానికి బిరుసు జుట్టే ఉన్న రెండు కుక్కలు లోపల ఒక్కొక్క పొట్టి జుట్టు ప్రతిని మోస్తుంటే, వాటి పిల్లల్లో కొన్ని నున్నగా పుట్టవచ్చు. డ్రాట్‌హార్ పూర్వీకుల్లో పొట్టి జుట్టు కుక్కలు చాలా ఉన్నాయి గనక ఇది తరచూ జరిగింది. మరోవైపు పూడుల్ పూర్వీకుల నుంచి వచ్చిన ఉన్నిలాంటి మెత్తని జుట్టు కూడా అప్పుడప్పుడు తల ఎత్తేది. పెంపకందారులు జన్యువు అనే మాట వినకముందే, తరం తరం పిల్లల్ని తడిమి చూసి సరైన జుట్టును నిలబెట్టుకుంటూ వచ్చారు.

దీన్ని ఎవరు, వేటి నుంచి తయారు చేశారు?

ఆలోచనకు మూలపురుషుడు బారన్ సిగిస్ముండ్ ఫాన్ సెడ్లిట్స్. హేగెవాల్డ్ అనే కలం పేరుతో 1880లలో వేట పత్రికల్లో రాసేవాడు. ఇంగ్లండు నుంచి దిగుమతి అవుతున్న వేగమైన కుక్కల మోజులో పడి, మన నేలకు పనికొచ్చే కుక్కను మరిచిపోతున్నామన్నది అతని బాధ. జర్మనీ అడవికీ చెరువుకూ పొలానికీ సరిపోయే బిరుసు జుట్టు కుక్క కావాలని పట్టుబట్టాడు. అతని ఊహ నుంచే పూడుల్‌పాయింటర్ పుట్టింది. 1881లో టెల్ అనే ఇంగ్లిష్ పాయింటర్‌నూ, మోలీ అనే వేట పూడుల్‌నూ కలిపారు. పూడుల్ అనగానే ఇప్పుడు మనకు కత్తిరింపుల ముద్దు కుక్క గుర్తొస్తుంది. ఆ కాలపు పూడుల్ నీళ్లలో దిగి బాతులు తెచ్చే తెలివైన పనికుక్క. దాని తెలివి, నీటి మీద ఇష్టం ఒకవైపు, పాయింటర్ ముక్కు, వేగం మరొకవైపు కలవాలన్నది ఉద్దేశం. ముందుకు పోయేకొద్దీ పాయింటర్ రక్తం చాలా ఎక్కువగా, పూడుల్ రక్తం కొద్దిగా కలుపుతూ వెళ్లారు.

అదే సమయంలో ఎడువర్డ్ కోర్తాల్స్ అనే డచ్చి యువకుడు ఇదే సమస్యకు మరో పరిష్కారం వెతుకుతున్నాడు. 1851లో పుట్టిన కోర్తాల్స్ తన తొలి ఆడకుక్క మూష్‌తో మొదలుపెట్టి, తర్వాత జర్మనీలో రైన్ నది దగ్గరి బీబెస్‌హైమ్‌లో పెద్ద కుక్కల శాల నడిపాడు. అతను పూర్తిగా భిన్నమైన ప్రాతిపదిక తీసుకున్నాడు. ఏరుకున్న కొన్ని బిరుసు జుట్టు కుక్కల నుంచే వంశం నడపాలి, దగ్గరి సంబంధాలు కలిపినా సరే, లోపం కనిపించిన పిల్లను కఠినంగా పక్కన పెట్టాలి, బయటి రక్తం తేకూడదు. 1887లో అతని కుక్కల ప్రమాణం ఖరారైంది. 1896లో, ఇంకా నలభై అయిదేళ్లు నిండకుండానే చనిపోయాడు. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఆ జాతిని అతని పేరుతోనే కోర్తాల్స్ గ్రిఫన్ అని పిలుస్తారు.

వీటికి తోడు జర్మనీలో పాత ష్టిషెల్‌హార్ కుక్కలు, పొట్టి జుట్టు డాయిచ్ కుర్ట్స్‌హార్ కుక్కలు ఉన్నాయి. ఒక్కో జాతి సంఘం తమ రక్తమే శుద్ధమని వాదించేది. 1902లో బెర్లిన్‌లో కొందరు కూడి వెరైన్ డాయిచ్ డ్రాట్‌హార్ అనే సంఘం పెట్టి ఆ వాదం నుంచి పక్కకు జరిగారు. వాళ్ల మాట సూటిగా ఉంది. గ్రిఫన్, పూడుల్‌పాయింటర్, ష్టిషెల్‌హార్, కుర్ట్స్‌హార్ ఏది కలిపినా అభ్యంతరం లేదు, కలిపింది దాచకుండా రాయండి, పుట్టిన పిల్ల పని చేసి చూపించాలి. పనితనం ద్వారా రూపానికి చేరాలన్నది వాళ్ల నినాదం. శుద్ధ వంశాన్ని నమ్ముకున్న సంఘాలకు ఇది మింగుడు పడలేదు. జర్మన్ కుక్కల సంఘాల సమాఖ్యలో వీళ్లకు చోటు దొరకడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా వేటగాళ్లు మాత్రం తీర్పు ఇచ్చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో జర్మనీ వేట పొలాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కుక్కల్లో ఒకటిగా డ్రాట్‌హార్ నిలిచింది.

ఇక్కడ కోర్తాల్స్ తప్పు, బెర్లిన్ వాళ్లు ఒప్పు అని తేల్చనక్కర్లేదు. రెండు దారుల్లోనూ మంచి కుక్కలు వచ్చాయి. రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. పిల్ల ఎలా ఉందని కాక, ఏం చేయగలదని అడిగి ఎంపిక చేశారు.

పిట్టను చూపించడం అంటే ఏమిటి? కుక్క ఎలా చేస్తుంది?

గాలికి ఎదురుగా కుక్కను వదులుతారు. అది పొలానికి అడ్డంగా ఇటు చివర నుంచి అటు చివరికి, మళ్లీ ఇటు, మలుపులు తిరుగుతూ పరుగెడుతుంది. ఒకచోట హఠాత్తుగా పరుగు తెగిపోతుంది. మెడ ముందుకు సాగుతుంది, తోక బిగుస్తుంది, కొన్నిసార్లు ముందు కాలొకటి గాల్లోనే ఉండిపోతుంది. ముక్కు ఎటు ఉందో పిట్ట అటు ఉన్నట్టు. వేటగాడు నడిచి వచ్చేదాకా అది అలాగే నిలబడాలి. పిట్ట కూడా నక్కిన చోటే కదలకుండా ఉంటుంది, ఎందుకంటే దగ్గర్లో ఆగిన శత్రువు నుంచి కౌజు జాతి పిట్టలకు తెలిసిన మొదటి రక్షణ నేలకు అంటుకుపోవడమే.

ఈ నిలబడటం నేర్పితే వచ్చింది కాదు. తోడేళ్ల జాతి జంతువులన్నీ ఎరను పట్టే ముందు వాసన పట్టి, పొంచి, ఒక్క క్షణం ఆగి, దూకుతాయి. ఆ ఆగే క్షణాన్ని మనుషులు తరతరాల ఎంపికతో సాగదీశారు. అందుకే మూడు నెలల పిల్ల కూడా పెరట్లో పిచ్చుక కనబడితే బిగుసుకుపోతుంది. శిక్షణ ఇచ్చేవాడు చేసేది ఆ నిలకడను ఇంకా ఇంకా పెంచడం, పిట్ట లేచినా తుపాకి మోగినా వెంటపడకుండా ఉండటం నేర్పడం.

పనితనాన్ని ఎలా పరీక్షిస్తారు?

1899లో ఏర్పడ్డ జర్మన్ వేటకుక్కల సమాఖ్య ఈ పరీక్షలన్నిటికీ నియమాలు పెట్టింది. మూడు మెట్లు ఉంటాయి.

మొదటిది వసంత పరీక్ష, పిల్ల పుట్టిన మరుసటి ఏడాది. ఇక్కడ నేర్పిన విద్య చూడరు, పుట్టుకతో వచ్చిన గుణం చూస్తారు. ఒక కుందేలు పరుగెత్తి వెళ్లిన దారిలో, అది కనుమరుగయ్యాక, కుక్కను పెడతారు. కంటికి ఏమీ కనిపించని నేల మీద వాసన ఒక్కటే ఆధారంగా ఎంత దూరం పోగలదో గమనిస్తారు. జాడ మీద పోతూ మొరుగుతుందా, కుందేలు కంటపడితేనే మొరుగుతుందా, మౌనంగా పోతుందా అన్నది కూడా రాసుకుంటారు. దట్టమైన అడవిలో జాడ మీద మొరిగే కుక్క ఎక్కడుందో యజమానికి తెలుస్తుంది, అందుకే అది విలువైన గుణం. తుపాకి చప్పుడుకు బెదిరే పిల్ల ఇక్కడే బయటపడుతుంది.

రెండోది శరదృతువు పరీక్ష. ఇందులో చెరువు పని ప్రధానం. చచ్చిన పిట్టను 150 మీటర్లు, కుందేలును 300 మీటర్లు నేల మీద ఈడ్చుకెళ్లి దాచిపెడతారు, కుక్క ఆ వాసన పట్టుకుని ఒంటరిగా వెళ్లి నోట కరచి తేవాలి. లోతు నీళ్లలో రెల్లు మధ్య బాతును వెతకాలి. హేగెవాల్డ్ పేరు మీద డ్రాట్‌హార్ సంఘం ఏటా పెద్ద ఎత్తున జరిపేది ఈ తరహా పరీక్షే.

మూడోది వయసొచ్చిన కుక్కలకు, రెండు రోజులు. దీనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది నెత్తుటి జాడ. ముందుగా అడవిలో కనీసం 400 మీటర్ల పొడవున పావు లీటరు నెత్తురును చుక్కలు చుక్కలుగా వదులుతారు. మధ్యలో మలుపులు ఉంటాయి. గాయపడ్డ జంతువు కాసేపు పడుకున్నట్టు కొన్నిచోట్ల నేలను చెదరగొట్టి గుర్తు పెడతారు. కష్టమైన రకంలో ఆ జాడ రాత్రంతా అలాగే ఉండాలి, 14 గంటలకు తక్కువ కాకుండా. ఈలోగా మంచు పడవచ్చు, వాన రావచ్చు, నిజం జింకలు ఆ దారిని అడ్డంగా దాటిపోవచ్చు. మర్నాడు పొద్దున కుక్క మెడకు వెడల్పాటి పట్టీ, పొడవాటి తోలు తాడు కట్టి మొదటి చుక్క దగ్గర నిలబెడతారు. కుక్క ముక్కు ఆకుల మీద ఆనుతుంది, ఒక ఆకు దగ్గర ఆగి మళ్లీ సాగుతుంది. వెనక యజమాని, అతని వెనక న్యాయనిర్ణేతలు. తాజాగా వెళ్లిన జింక వాసన తగిలినా దాని వెంట పోకుండా, పాతబడిన ఆ ఒక్క జాడనే పట్టుకుని చివర ఉన్న చచ్చిన జింక దాకా తీసుకెళ్లాలి. దారి తప్పితే వెనక్కి పిలిచి మళ్లీ పెడతారు, అలా పిలిచినప్పుడల్లా మార్కులు తగ్గుతాయి.

ఈ పరీక్షల ఫలితాలు వంశావళి పత్రంలోకి ఎక్కుతాయి. జుట్టు, ఒడ్డూపొడుగూ వేరుగా చూస్తారు. తుంటి కీళ్లకు ఎక్స్‌రే తీస్తారు. కావలసిన పరీక్షలు నెగ్గి, ఇవి కూడా దాటిన కుక్కకే డ్రాట్‌హార్ సంఘం సంతానానికి అనుమతి ఇస్తుంది. ఎంత అందమైన కుక్కైనా చెరువులో దిగకపోతే దాని వంశం అక్కడితో ఆగిపోతుంది.

ఇంత పట్టుదల ఎందుకు?

కాల్చిన ప్రతి గుండూ గురిగా తగలదు. గాయంతో పారిపోయిన జింక అడవిలో ఎక్కడో పడి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బాధపడుతుంది. జంతువును చంపడం ఒక ఎత్తు, దాన్ని అలా వదిలేయడం ఇంకొక ఎత్తు. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ వేటగాళ్లు ఈ రెండో దాన్ని అవమానంగా భావించడం నేర్చుకున్నారు. నీళ్లలో పడ్డ బాతునూ, పొదలో దాక్కున్న కుందేలునూ, నెత్తురు కారుతూ పోయిన జింకనూ చివరిదాకా వెతికి తీరాలంటే, మనిషి కన్ను చాలదు. కుక్క ముక్కు కావాలి.

నేటి జర్మనీలో ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం. రాష్ట్రాల వేట చట్టాలు నీటిపక్షుల వేటకు, గాయపడ్డ జంతువుల వెతుకులాటకు పరీక్ష నెగ్గిన కుక్క అందుబాటులో ఉండాలని కోరతాయి. రోడ్డు మీద కారు గుద్దిన జింక అడవిలోకి పారిపోతే, దాన్ని వెతికి బాధ తీర్చడానికి వెళ్లేది కూడా ఇలాంటి కుక్కలే. నేను వేటను సమర్థించేవాణ్ని కాదు. కానీ వేట జరిగే దేశంలో ఆ వేటకు బాధ్యత నేర్పిన జంతువుగా ఈ కుక్కను గౌరవిస్తాను.

దీనికి చుట్టాలు ఎవరు? అమెరికాలో ఉన్నదీ ఇదేనా?

బిరుసు జుట్టు వేటకుక్కలు ఐరోపాలో చాలా ఉన్నాయి. ఇటలీలో స్పినోనె, చెక్ నేలలో చెస్కీ ఫౌసెక్ పాతవి. హంగరీలో 1930లలో నున్నని విజ్‌లాకు డ్రాట్‌హార్‌ను కలిపి బిరుసు జుట్టు విజ్‌లాను తెచ్చారు. స్లొవేకియాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫౌసెక్, వైమరానర్, డ్రాట్‌హార్ రక్తాలు కలిపి తమ జాతిని నిలబెట్టారు. చలి, ముళ్లు, నీళ్లు ఉన్నచోటల్లా ఒకే అవసరం ఒకే తరహా జుట్టును కోరుకుంది.

అమెరికాకు ఈ కుక్కలు 1920లలో చేరాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1959లో జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్‌గా నమోదు చేసుకుంది. పూర్వీకులు ఒకటే, పద్ధతి వేరు. ఆ క్లబ్ నమోదుకు వేట పరీక్ష తప్పనిసరి కాదు. జర్మన్ సంఘం నియమాల కింద పుట్టిన డ్రాట్‌హార్‌కు తల్లిదండ్రులిద్దరూ పరీక్ష నెగ్గాలి. అందుకే ఉత్తర అమెరికాలో ఈ రెండు పేర్లనూ జాగ్రత్తగా వేరుచేసి వాడతారు. 1969లో అక్కడ ఏర్పడ్డ బహుముఖ వేటకుక్కల సంఘం, నావ్‌డా, తాను గుర్తించిన బహుముఖ వేటకుక్కల జాతులకు ఈ తరహా పరీక్షలు పెడుతోంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు ఇలాంటి కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకుంటే ముందుగా అడగాల్సింది ఈ తేడా గురించే.

మన దగ్గర పెంచవచ్చా?

ముందుగా చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అడవి జంతువుల వేట నేరం. కుక్కల్ని ఉసిగొల్పి తరమడం కూడా ఆ నిర్వచనంలోకే వస్తుంది. పొలంలో కుందేలైనా, చేలో కౌజైనా దాని రక్షణలో ఉన్నవే. కాబట్టి వేట కోసం అన్న ఆలోచనకు తావు లేదు.

పెంపుడు కుక్కగా మాత్రం? హైదరాబాదు ఎండలో, విజయవాడ ఉక్కలో ఈ రెండు పొరల జుట్టు దానికి భారమే. మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామున, చీకటి పడ్డాక తప్ప పరుగెత్తించకూడదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఖాళీగా ఉండటం. రోజంతా పరిగెత్తేలా, వెతికేలా, ఈదేలా వందేళ్ల పైన ఎంపిక చేసిన జంతువును రెండు గదుల అపార్టుమెంటులో బంధిస్తే, ఆ శక్తి తలుపులు గీరడంగా, అదే పనిగా మొరగడంగా, చిన్న జంతువుల మీద పడటంగా బయటికి వస్తుంది. ఇంట్లో పిల్లి, కోళ్లు ఉంటే మరీ జాగ్రత్త. నన్ను అడిగితే మన పట్టణాల్లో చాలా ఇళ్లకు ఇది తగదనే చెబుతాను.

పెద్ద తోట, ఈతకు నీళ్లు, రోజూ రెండు పూటలా సమయం ఉన్నవాళ్లకు మాత్రం ఒక దారి ఉంది. వేట లేకుండానే ముక్కుకు పని ఇవ్వవచ్చు. తోటలో ఒక బొమ్మను ఈడ్చుకెళ్లి దాచి, కుక్కతో జాడ తీయించవచ్చు. నీళ్లలోకి విసిరిన వస్తువును తెప్పించవచ్చు. పైకి కనిపించే బలానికి తోడు ఆరోగ్యం సంగతీ తెలియాలి. తుంటి కీళ్ల లోపం, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు వచ్చే కడుపు మెలిపడటం, వాన్ విలెబ్రాండ్ అనే రక్తం గడ్డకట్టని వ్యాధి ఈ జాతిలో ఉన్నాయి. మూడోదానికి జన్యు పరీక్ష ఉంది. కీళ్ల ఎక్స్‌రే, ఆ పరీక్ష ఫలితం చూపించని పెంపకందారు దగ్గర పిల్లను తీసుకోకండి.

ఈ జాతి చరిత్ర మనకు నేర్పేది ఏ కుక్క విషయంలోనైనా పనికొస్తుంది. ముథోల్, రాజపాళయం లాంటి మన దక్షిణాది వేటకుక్కలు కూడా ఒక నేలకూ ఒక పనికీ తగ్గట్టు తయారైనవే. ఫొటో చూసి, రంగు చూసి, ధర చూసి కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి. దీని తల్లిదండ్రులు ఏం పని చేసేవి? ఆ పనికి బదులు నేను దీనికి రోజూ ఏం ఇవ్వగలను? రెండోదానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉంటేనే దాన్ని ఇంటికి తెచ్చుకోండి.